విరిగిన నావ దగ్గర మా మేనత్త

నీళ్ళకు గట్టు చూపించి, ఇంతవరకే రావాలని చెప్పగల దేవునికి స్తోత్రం. ఎండాకాలం నదిని సన్నగిల్లజేసి, వానాకాలం దాన్ని మళ్ళీ నిండుగా పారించేవాడికి మహిమ. నా కళ్ళకు ఇంకా చూపును, నా నాలుకకు ఇంకా పాటను మిగిల్చిన ప్రభువును ముందుగా కొనియాడి, ఆ తర్వాతే నా మాట మొదలుపెడుతున్నాను. మా ఊరి ఒడ్డున ఒక పాత నావ ఉంది. విరిగిపోయింది, ఎవరికీ అక్కరకు రానిది. అలాంటి దాని దగ్గర ఆయన మా మేనత్తకు చేసిన మేలును చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నేనిప్పుడు వనపర్తిలో ఉంటున్నాను గానీ, పుట్టి పెరిగింది అమరచింత దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో. నదికి ఇవతల మేము, అవతల గద్వాల దిక్కు. జూరాల ఆనకట్ట కట్టకముందు గద్వాలకు పోవాలంటే మాకు నావే దారి. టేకు పలకలు, వాటిని బిగించి పట్టిన ఇనుప పట్టీలు, మధ్యలో అడ్డంగా కూర్చునే దుంగలు. మనుషులు, మేకలు, సైకిళ్ళు, పల్లికాయ సంచులు అన్నీ అందులోనే. ఒకసారి పెళ్ళికూతురితో పాటు బ్యాండువాళ్ళు కూడా ఎక్కి, నది మధ్యలో వాయిస్తూ పోయారు. ఆ నావ నడిపింది మా మేనత్త భర్త. నేను మామ పక్కన నిలబడి తెడ్డు మీద చెయ్యి వేసేదాన్ని. ఆయన లాగుతుంటే నేనే నడుపుతున్నానని మురిసిపోయేదాన్ని.

ఒక వానాకాలం నది మీదికి వచ్చింది. ఇంక ఒడ్డు చేరబోతారనగా నావ వాలిపోయి బండకు కొట్టుకుంది. ముక్కు విరిగింది, ఒక పక్క పలకలు ఊడిపోయాయి. దేవుని కృపవల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. కొందరు ఈదారు, కొందరు ఊడిన పలకలు పట్టుకున్నారు. ఆ రోజు నావలో ఉన్న మా అత్తకు మాత్రం పలక దొరకలేదు, ఒక మేకపోతు దొరికింది. దాని కొమ్ములు రెండూ పట్టుకుంది. పోతు ఆసామి ఒడ్డు మీద నిలబడి ఒకటే అరుపు.

"కొమ్ములు ఇడువవే! నా పోతు సస్తది!"

"మరి నేను సావాల్నా?" అని అత్త నీళ్ళలోంచి అరిచిందట.

పోతూ బతికింది, అత్తా బతికింది. కానీ కొమ్ములు చేతికి దొరికేముందు ఆమె ఒకసారి పూర్తిగా మునిగింది. ఆ మునక ఆమెలో ఉండిపోయింది. అప్పటినుంచి తల మీద నీళ్ళు పడనిచ్చేది కాదు. తలంటుకునేటప్పుడు కూడా మెడ పక్కకు వంచి, కళ్ళు తెరుచుకొనే, చెంబుతో కొంచెం కొంచెంగా పోసుకునేది. వానలో ఎవరైనా ఆమెను నవ్వించాలని చూసినా నవ్వేది కాదు, ముందు ఇంట్లోకి పరుగెత్తేది.

నావ అక్కడే ఇసుకలో ఒరిగిపోయింది. ఎత్తడానికి ఎవరివల్లా కాలేదు. తర్వాత జూరాల వచ్చింది, అవతలికి పోవడానికి రోడ్డు వచ్చింది, నావతో పనే లేకుండా పోయింది. ఆనకట్ట నీళ్ళు మా ఒడ్డుదాకా నిండినప్పుడు అది పూర్తిగా మునిగి ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే నల్లగా, నిబ్బరంగా బయటికి వస్తుంది. చేపలు పట్టేవాళ్ళు దాని మీద వలలు ఆరేస్తారు. మేకలు దాని నీడన పడుకుంటాయి.

మా సంఘానికి మాత్రం ఆ నావతో ఇంకో పని ఉంది. మావాళ్ళు సగానికి సగం పుణెకూ ముంబైకీ మట్టి పనులకు పోయినవాళ్ళే. ఎండాకాలం పెళ్ళిళ్ళకు ఊరికి వస్తారు, అప్పుడే బాప్తిస్మాలు పెట్టుకుంటాం. మాది పూర్తిగా ముంచి ఇచ్చే బాప్తిస్మం. తల వెంట్రుక కూడా పైన కనిపించకూడదు. మరి తడిసిన ఆడవాళ్ళు చీర మార్చుకోవాలంటే, ఆ బట్టబయలు ఒడ్డున చాటు ఎక్కడ? నావకు పగలని పక్క ఒకటి మనిషెత్తున నిలబడి ఉంది. అదే మాకు గోడ. అందుకే నావ బయటపడిందో లేదో చూసి మరీ మా పెద్దలు బాప్తిస్మాల ఆదివారం ఖాయం చేస్తారు. పట్నంలో ఉన్నవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, మాకు క్యాలెండరు కంటే నావే ముఖ్యం.

ఆ గోడ వెనక పొడి చీరల మూటకు కాపలా మా అత్త. ఎవరు తడిసి వచ్చినా తువ్వాలుతో తల తుడిచేది, కుచ్చిళ్ళు పెట్టేది, ముద్దు పెట్టుకునేది, ఏడ్చేది. తాను మాత్రం పాదం తడుపుకునేది కాదు.

నమ్మకం లేక కాదు. మా ఊరి సంఘంలో అత్తంత ప్రార్థించేవారు లేరు. మామ కూడా చాలా ముందే, నవ్వుకుంటూ నదిలో మునిగి లేచాడు, పరలోక నిరీక్షణతోనే కన్ను మూశాడు. అత్తకు ఉన్నది నీళ్ళ భయం ఒక్కటే. కానీ బాప్తిస్మం లేనివారికి మా సంఘంలో ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వీలు లేదు. నెలకొకసారి రొట్టె పళ్ళెం వరుసలో చేతులు మారుతూ వస్తుంది. అత్త దాన్ని రెండు చేతులతో అందుకొని, ఒకసారి చూసి, నాకు ఇచ్చేది. తర్వాత ద్రాక్షరసం పళ్ళెం కూడా అంతే. నేను నమిలి మింగుతుంటే నా నోటివైపు చూసేది. ఆమె ఆకలి ఏమిటో అప్పుడు నాకు తెలిసేది.

ఒకసారి ఆమెను వనపర్తికి పిలిచాను. అక్కడ మా గుడిలో బాప్తిస్మపు తొట్టి ఉంది, నడుం లోతు, మెట్లు, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ.

తొట్టి చూసి అత్త మొహం ముడుచుకుంది. "దీన్ల ముంచుతరా నన్ను? నేనేమన్న నానవెట్టే చింతపండునా?"

"భయం లేదత్తా, కడ్డీ ఉంది చూడు."

"కడ్డీ ఉంటే భయం లేదని ఎవరు చెప్పిండ్రు? కడ్డీ ఉన్నదంటేనే భయం ఉన్నట్టు. పా, బస్సు ఎల్లిపోతది."

ఇక ఎవరూ ఆమెను బలవంతం చేయలేదు.

అలాంటిది, ఇటీవల ఒక ఎండాకాలం ఊరికి పోతే, పల్లికాయలు వేయిస్తూ ఆమే మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. మూకుడు వైపే చూస్తూ అన్నది.

"ఈ పాలి నేను దిగుత బిడ్డా."

"యాడికి అత్తా?"

"యాడికేంది, నీళ్లల్లకు. పళ్ళెం పట్టి పట్టి నా చేతులకు యాష్టకు వచ్చింది. నోటికి కూడ జర పెట్టాలె గద."

నేను లేచి ఆమెను పట్టుకొని తిప్పేశాను. గరిటె ఎక్కడో పడింది. సగం పల్లికాయలు మాడిపోయాయి. ఆ సాయంత్రం మాడినవే తిన్నాం, ఎంతో రుచిగా ఉన్నాయి.

ఆదివారం ఖాయమైంది. అప్పటికి నీళ్ళు బాగా వెనక్కి పోయి, నావ మొత్తం పొడి ఇసుక మీద ఉంది. పుణె నుంచి వచ్చినవాళ్ళు సోమవారం బస్సెక్కాలి. బాప్తిస్మం తీసుకునేవాళ్ళలో అత్తతో పాటు వాళ్ళ ఆడపిల్లలూ ఉన్నారు. తెల్లారి ట్రాక్టర్లలో అందరం కదిలాం. ఒక ట్రాలీలో మనుషులు, ఒక దాంట్లో అన్నం దేగిసాలు, విస్తరాకుల కట్టలు, డప్పులు. అత్త ఎన్నో ఏళ్ళుగా పెట్టెలో దాచుకొని, ప్రతి ఎండాకాలం ఉతికి మళ్ళీ మడతపెట్టిన తెల్ల చీర కట్టుకుంది. ఆమె చీరల మూట ఈసారి నా ఒళ్ళో ఉంది. దారంతా పాడుతూనే పోయాం.

ఒడ్డుకు చేరాక పాట ఆగిపోయింది.

ఎగువన నీళ్ళు వదిలినట్టున్నారు. రాత్రికి రాత్రే నది ముందుకు వచ్చేసింది. నిన్నటి ఇసుక లేదు. నావ సగందాకా నీళ్ళలో నిలబడి ఉంది. దాని చుట్టూ నల్లటి ఒండ్రు కలిసిన నీళ్ళు. ఒకతను అటు దిగబోతే మోకాలిదాకా బురదలోకి పోయి, చెప్పు అక్కడే వదిలేసి వచ్చాడు.

అత్త ట్రాలీ దిగలేదు. తెల్ల చీర కొంగు గట్టిగా చుట్టుకొని కూర్చుంది.

"వచ్చే ఏడు తీసుకుంట," అన్నది. "నన్ను ఇంటికి తోలియ్యండ్రి."

ఆమె వయసు అందరికీ తెలుసు. మునుపు పెద్దలు అడిగినప్పుడల్లా చెప్పిన వచ్చే ఏడు అన్న మాట ఆమె నోట ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ వినిపించింది. ఈ రోజు ఇంటికి పోతే ఇక ఎప్పటికీ రాదని నాకు అనిపించింది. కళ్ళు మూసుకొని, ప్రభువా, ఆమెను తిరిగి పోనివ్వకు అని మాత్రమే అడగగలిగాను.

మా పాస్టరుగారు ట్రాలీ పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆయనది బిజినేపల్లి దిక్కు. మంచి వాక్యం చెబుతారు, కానీ ఈత రాదు. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పుకుంటారు. "మా చెర్ల నీళ్లకంటె బర్లు ఎక్కువమ్మా, ఈత యాడ నేర్సుకోవాలె?" అంటారు. ఆ రోజు ఆయన మొహంలో కూడా నది మీద పెద్ద ఇష్టం కనిపించలేదు. అయినా ధైర్యం చెప్పడానికి, బైబిల్లో ఖైదీగా పోతున్న అపొస్తలుని ఓడ తుఫానుకు బద్దలైన సంగతి ఎత్తుకున్నారు. పలకల మీద తేలుతూ అందరూ క్షేమంగా ఒడ్డు చేరిన చోటికి రాగానే అత్త ఆపింది.

"నాకు చెప్తున్నవా అయ్యా? వాళ్ళకు పలకలన్న దొరికినయి."

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే నావ వైపు చూసింది. చూస్తూ చూస్తూ ట్రాలీ దిగింది. ఒడ్డు అంచుదాకా నడిచింది, ఎన్నో ఏళ్ళలో మొదటిసారి. నావ లోపల నీళ్ళు కదలకుండా, తేటగా ఉన్నాయి. ఒండ్రంతా బయటే ఆగిపోయింది.

"అయ్యా," అన్నది మెల్లగా, "నావల ముంచుతవా నన్ను?"

పాస్టరుగారు వెనకే వచ్చి నావ వైపు చూశారు. నడుం లోతు నీళ్ళు, అడుగున పలకలు, చుట్టూ గోడలు. ఆయన మొహం వెలిగిపోయింది. కానీ మా నాయన ముందుకు వచ్చాడు. ఆయన అత్తకు అన్న, సంఘ పెద్ద, ఏ విషయంలోనూ సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

"కాదు. ప్రభువు పారే నీళ్లల్ల తీసుకుండు. గవి నిలువ నీళ్లు. మన సంఘంల ఎన్నడన్న గట్ల ఇచ్చినమా?"

"అన్నా, ముక్కు ఇరిగింది నీ కండ్లకు అవుపడుతలేదా? నీళ్లు గిట్ల వచ్చి గట్ల పోతున్నయి."

"పోతలేవు."

"పోతున్నయి!"

"మీ ఇద్దరు జర ఆగండ్రి," అని పాస్టరుగారు విస్తరాకు ఒకటి తెప్పించారు. ఒక ముక్క చించి, నావ విరిగిన ముక్కు దగ్గర నీళ్ళ మీద వదలమని చేపలు పట్టే ఒకాయనకు ఇచ్చారు. ఆయన మా సంఘంవాడే, ఆ ఒడ్డు ఆయనకు బాగా అలవాటు. ఆకు ముక్క మెల్లగా నావలోకి పోయింది. ఊరంత సంఘం ఊపిరి బిగబట్టి ఆకును చూస్తోంది. మధ్యలో ఒక దుంగ దగ్గర ఆగి, అక్కడే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"నేను చెప్పలే?" అన్నాడు నాయన.

"నువ్వు ఊకో అన్నా! పో తల్లీ, పో, జర పో," అని అత్త ఆకును బతిమాలింది.

ఆకు ఇంకో చుట్టు తిరిగి, దుంగను వదిలి, పలకలు ఊడిన పక్కనుంచి బయటికి వచ్చి, నదిలో కలిసి దిగువకు సాగిపోయింది. హల్లెలూయ అని ఒక్కసారి అరిచాం. డప్పులు వాటంతటవే మోగినట్టు మోగాయి. నాయన ఆ ఆకు కనుమరుగయ్యేదాకా చూసి, "సరే తియ్యి, పారే నీళ్లే," అన్నాడు.

చేపల ఆయన ముందు దిగి, వెదురుగడతో లోపలంతా తడిమి చూశాడు. "పాము గీము ఏం లేదు. మేకులు ఈ మూలకున్నయి, గిటు రాకుండ్రి," అని హెచ్చరించాడు. బురద మీద మొద్దులు, బల్లలు పరిచి నావదాకా దారి చేశారు. మా గోడ కాస్తా తొట్టి అయిపోయింది కాబట్టి, ఒడ్డు మీద ఆడవాళ్ళం చీరలు పట్టుకొని చుట్టూ నిలబడి చాటు చేశాం.

అత్త ముందు దిగుతానంది. నావ అంచు దాటి లోపల కాలు పెట్టాక, నా వైపు తిరిగి, "ఇది నా పెనిమిటి నావ బిడ్డా. దీన్ల యాడ ఏమున్నదో నాకు తెల్సు," అన్నది. నీళ్ళు నడుందాకా వచ్చాయి. నావ పక్కన వంకర కట్టె ఒకటి పైకి పొడుచుకొని ఉంటుంది. దాన్ని కుడిచేత్తో పట్టుకుంది.

"చెయ్యి వదులమ్మా," అన్నారు పాస్టరుగారు.

"నువ్వు ముంచు అయ్యా. చెయ్యి సంగతి నేను చూసుకుంట."

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఆయన ఆమెను వెనక్కి వంచారు. తల మునిగింది, తెల్ల చీర మునిగింది. కుడి చెయ్యి మాత్రం కట్టెను పట్టుకొని, మోచేతిదాకా ఎండలో పొడిగా మెరుస్తూ ఉండిపోయింది.

"చెయ్యి మునగలే!" ఒడ్డు మీద నాయన గొంతు. "అయ్యా, చెయ్యి మునగలే!"

అత్త లేచింది. నోట్లో నీళ్ళు ఉమ్మి, కళ్ళు తుడుచుకొని, అటూ ఇటూ చూసింది. బతికే ఉంది. మేమంతా అక్కడే ఉన్నాం. ఆమె మొహం మీదికి మెల్లగా ఒక నవ్వు వచ్చింది, అంతటి నవ్వు నేను ఆమెలో ఎన్నడూ చూడలేదు.

"గింతేనా? దీనికేనా నేను ఇన్నేండ్లు పరేషాన్ అయింది?"

"చెయ్యి మునగలే!" నాయన ఆపలేదు.

"ఇన్న అన్నా, చెవుడు లేదు నాకు." అత్త తన కుడిచేతిని చూసుకుంది. "ఇది ఒక్కటే ఎందుకు బయట ఉండాలె? దీనికి మాత్రం రక్షణ వద్దా?" అని కట్టెను వదిలేసింది.

ఎవరూ ముంచకముందే ఆమే కూర్చోబోతుంటే, పాస్టరుగారు గబగబా పట్టుకొని నామం చెప్పి ముంచారు. ఈసారి నీళ్ళ మీద ఏమీ మిగలలేదు. చిన్న చిన్న వలయాలు మాత్రం లేచి, పలకలకు తగిలి చెదిరిపోయాయి. ఆ ఒక్క క్షణం డప్పులు కూడా ఆగాయి. తర్వాత అత్త లేచింది, రెండు చేతులూ పైకెత్తి.

ఒడ్డుకు రాగానే నేను తువ్వాలుతో ఆమె తల తుడిచాను. ఎప్పుడూ ఆమె ఇతరులకు చేసే పని ఈసారి నా చేతికి వచ్చింది, నేను గట్టిగా రుద్దుతుంటే ఆమె నన్ను తిట్టింది. "గట్ల రుద్దుతరా? నేను బిందెనా తోమనీకి?" మా నాయన చీరల చాటుకు అవతల నిలబడి ముక్కు చీదుకుంటున్నాడు. జలుబు చేసిందన్నాడు. పిల్లలంతా ఆయన జలుబుకు నవ్వారు.

మిగతావారి బాప్తిస్మాలు కూడా ఆ నావలోనే జరిగాయి. ఆ తర్వాత ఒడ్డు మీద గుడ్డ పరిచి బల్ల ఆచరించాం. రొట్టె పళ్ళెం వరుసలో వచ్చింది. అత్త దాన్ని రెండు చేతులతో అందుకుంది. నేను ఆమె వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. ఆమె ఒక ముక్క తీసుకొని, అరచేతిలో పెట్టుకొని, అందరూ తినేదాకా ఆగి, తిన్నది. చాలాసేపు నమిలింది. తర్వాత రసం తాగింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి, అన్నం విస్తళ్ళు వేసేదాకా కళ్ళు మూసుకొని కూర్చుంది. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు.

సోమవారం పుణెవాళ్ళు బస్సెక్కారు. వాళ్ళ పిల్లలు ఒడ్డు మీద తీసిన, నాయన అరుపులు ఉన్న వీడియో వాళ్ళ ఫోన్లలో పోయింది. పని చోట సాయంత్రం ప్రార్థన అయ్యాక ఇప్పటికీ పెట్టుకొని చూస్తారట. నాయనకు కోపం వస్తుందని చెప్పరు. ఆయన మాత్రం అడిగి మరీ రెండుసార్లు చూశాడు.

అత్త ఇప్పటికీ ఉంది, దేవునికి స్తోత్రం. ఎండాకాలం బాప్తిస్మాల ఆదివారం వస్తే ఇప్పుడు ఒడ్డు మీద కూర్చోదు. నీళ్ళలోకి దిగి, భయపడే ఆడపిల్లల పక్కన నిలబడి, "నా చెయ్యి పట్టుకో, మునిగేటప్పుడు ఇడువు," అని చెబుతుంది. కొందరు విడవరు, ఆమెను కూడా తమతో పాటు ముంచేస్తారు. లేచి నవ్వుతుంది.

చదువుతున్న మీ సంఘంలో కూడా ఎక్కడో ఒకరు ఉంటారు. నమ్మకం నిండుగా ఉండి, ఒక్క భయం వల్ల దూరంగా కూర్చున్నవారు. మనం వారిని వారి మానాన వదిలేసి మరిచిపోతుంటాం. ఈ పేజీ పక్కన పెట్టేముందు ఒక్క నిమిషం నాతో కలిసి వారి కోసం తల వంచండి. మాటలు దొరకకపోతే ఇవే అనండి: ప్రభువా, భయపడేవారిని నీవు తొందరపెట్టవు, విడిచిపెట్టవు. ఆకలితో కూర్చున్న వారిని నీ బల్ల దగ్గరికి నడిపించు. వారు వచ్చే రోజున సంతోషించడానికి మమ్మల్ని అక్కడ ఉండనివ్వు. మన ప్రభువైన యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.